నొప్పి లేదుగా అన్నాను

ఇప్పుడు బాగానే ఉన్నాను. నిన్న పొద్దున లైబ్రరీకి నడిచి వెళ్ళి, రెండు గంటలు కూర్చుని చదువుకుని, ఆటోలో ఇంటికి వచ్చాను. మధ్యలో ఒకసారి బాత్రూం ఎక్కడుందని అక్కడి అటెండర్‌ని అడిగాను. చూపించాడు. జరిగింది ఇంతే. అంతకుముందు రెండేళ్ళపాటు నేను చేయలేకపోయిన పని కూడా ఇదే.

నేను రాయబోయేది మూత్రానికి సంబంధించిన జబ్బు గురించి. ఆ మాట పైకి అనడానికి నాకు అరవై నాలుగేళ్ళు వచ్చాయి. అనలేకపోయినన్నాళ్ళు ఏం జరిగిందో చెప్పాలంటే ముందు రాజ్యలక్ష్మిగారి గురించి చెప్పాలి. ఆమె పోయి మూడేళ్ళు దాటింది.

నాకు ముప్ఫై ఏళ్ళప్పుడు పామర్రు దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ టీచర్‌గా పోస్టింగ్ వచ్చింది. బెజవాడలో పొద్దున్నే బందరు బస్సు ఎక్కేదాన్ని. రాజ్యలక్ష్మిగారు ఉయ్యూరులో ఎక్కేవారు. ఆమె లెక్కల టీచరు, నాకన్నా ఏడేళ్ళు పెద్ద. ఆమె కోసం నా పక్క సీట్లో చేతిరుమాలు వేసి ఉంచేదాన్ని. ఒకసారి కంకిపాడులో ఎక్కినాయన ఆ రుమాలు చూసి, "ఎవరన్నా వస్తారా అమ్మా?" అన్నాడు. ఉయ్యూరులో వస్తారని చెప్పాను.

"ఉయ్యూరు ఇంకా అరగంట. అప్పటిదాకా మీ రుమాలు కూర్చుంటుంది, నేను నిలబడాలా?"

నిజమే అనిపించింది. కూర్చోమని చెప్పి, ఉయ్యూరు రాగానే లేవమన్నాను. లేచాడు. ఆ రోజుల్లో అలా లేచేవారు.

చెరుకు ఆడే రోజుల్లో ఉయ్యూరింకా రాకముందే చక్కెర ఫ్యాక్టరీ వాసన బస్సులోకి వచ్చేది. చాలామంది ముక్కు మూసుకునేవారు. నాకు మాత్రం ఆమె ఎక్కబోతున్నారని తెలిసేది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు నేను చదువుతున్న నవల కథ ఆమెకు చెప్పాలి. ఆమె నవలలు చదవరు, కథ మాత్రం కావాలి. "ఉయ్యూరు వచ్చేలోపు ముగించెయ్ కమలా, రేపటిదాకా ఆగడం నా వల్ల కాదు" అనేవారు. ఎంత పెద్ద పుస్తకమైనా పామర్రుకీ ఉయ్యూరుకీ మధ్యలోనే ముగించాల్సి వచ్చేది.

ఆమె నాకు నేర్పిన మొదటి విషయం నీళ్ళు తాగకుండా ఉండడం. మొదటి రోజు స్టాఫ్ రూమ్‌లో కుండలోంచి నీళ్ళు ముంచుకుంటుంటే నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇప్పుడు తాగావంటే రెండో పీరియడ్‌కల్లా అవస్థ పడతావు. సాయంత్రం ఇంటికెళ్ళాక తాగుదువుగాని."

ఆడ టీచర్లకీ ఆడపిల్లలకీ కలిపి మైదానం చివర ఒక రేకుల గది ఉండేది. తలుపుకి గడియ లేదు. లోపల నీళ్ళు లేవు. బోరు దగ్గర బకెట్ నింపుకుని, మూడు క్లాసుల మగపిల్లలు కిటికీల్లోంచి చూస్తుండగా మైదానమంతా దాటి వెళ్ళాలి. అందుకని మేం నలుగురు ఆడ టీచర్లం పొద్దున కాఫీ తర్వాత ఏమీ తాగేవాళ్ళం కాదు. మధ్యాహ్నం ముద్ద దిగడానికి రెండు గుక్కలు, అంతే. అందులో మాకు కొంచెం గొప్ప కూడా ఉండేది. కొత్తగా వచ్చిన సైన్స్ టీచర్ వారం తిరక్కుండానే అలవాటు చేసుకుంటే, "ఫస్ట్ క్లాసులో పాసయ్యావు" అని రాజ్యలక్ష్మిగారు మెచ్చుకున్నారు. పదో తరగతికి కిడ్నీల పాఠం చెప్పేది ఆ సైన్స్ టీచరే.

క్లాసు మధ్యలో ఆడపిల్ల లేచి చిటికెన వేలు చూపిస్తే, "ఇంటర్వెల్‌లో ఏం చేశావు?" అని కూర్చోబెట్టేదాన్ని. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కొన్నేళ్ళకి బళ్ళో కొత్త బాత్రూములు కట్టారు. తలుపులు వచ్చాయి, పంపులు వచ్చాయి. మేం మాత్రం మారలేదు. ముప్ఫై రెండేళ్ళు అలాగే గడిపి రిటైరయ్యాను.

అయినా ఆ రోజులంటే నాకు ఇష్టం. ఎంత దాహంతో గడిపామో గుర్తుంది, ఎంత నవ్వుకున్నామో కూడా గుర్తుంది.

ఐదేళ్ళ కిందటి మే నెల

రాజ్యలక్ష్మిగారు అప్పటికి రిటైరయ్యారు. సెలవుల్లో ఒక మధ్యాహ్నం ఉయ్యూరులో వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె భర్తని ఊళ్ళో అందరూ మాస్టారనే అంటారు, ఆయన కూడా టీచరుగా చేసినవారే. ఆయన బజారుకి వెళ్ళాక, రాజ్యలక్ష్మిగారు మామిడికాయ ముక్కలు తరుగుతూ అన్నారు:

"కమలా, మొన్న యూరిన్ ఎర్రగా వచ్చిందే."

"మంటగా ఉందా?"

"మంటా లేదు, నొప్పీ లేదు. ఎర్రగా వచ్చింది, అంతే. రెండుసార్లు."

"నొప్పి లేదుగా, అయితే ఏం కాదులెండి. ఈ ఎండలకి వేడి చేసుంటుంది. సబ్జా గింజలు నానబెట్టుకు తాగండి. బార్లీ కూడా కాచుకోండి."

మా వైపు ఒంట్లో ఏ ఇబ్బంది వచ్చినా ముందు వేడి అనే అంటాం. కళ్ళు మండినా, నోరు పూసినా, మూత్రం మండినా అంతే. బెజవాడ ఎండల్లో ఆ మాట చాలాసార్లు నిజం కూడా అవుతుంది. అందుకే దాన్ని ఎవరూ అనుమానించరు.

ఆమె తాగారు. రెండు రోజుల్లో ఆగిపోయింది. ఫోన్ చేసి, "నీ వైద్యం పనిచేసింది" అని నవ్వారు. మళ్ళీ సంక్రాంతి ముందు కనిపించింది. అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళారు. మూత్రాశయంలో క్యాన్సర్ అన్నారు. మధ్యలో ఎనిమిది నెలలు పోయాయి. ఆ తర్వాత ఏడాదిన్నర కూడా ఆమె బతకలేదు.

ఆ మామిడికాయల రోజు నేనేమన్నానో ఎవరికీ చెప్పలేదు. ఆమె కూడా ఎప్పుడూ ఎత్తలేదు. చివరి వారం నేను పక్కన కూర్చుంటే కథ చెప్పమన్నారు. చెప్పాను. మధ్యలో నిద్రపోయారు.

రిటైరయ్యాక

నా భర్త ఆరేళ్ళ కిందట గుండెపోటుతో పోయారు. రిటైరయ్యాక పటమటలో మా అమ్మాయి మాధవి దగ్గరే ఉంటున్నాను. అల్లుడు శ్రీనివాస్ కరెంటు ఆఫీసులో పని చేస్తాడు.

ఎప్పుడు మొదలైందో కచ్చితంగా చెప్పలేను. తుమ్మితే చీర తడిసేది. తర్వాత దగ్గినా అంతే. ఆ తర్వాత బాత్రూం గుమ్మం దాకా వెళ్ళేలోపే అయిపోయేది. ముదురు రంగు చీరలు కట్టడం మొదలుపెట్టాను. పెళ్ళిళ్ళలో చివరి వరుసలో కూర్చునేదాన్ని, తర్వాత పెళ్ళిళ్ళకే మానేశాను. లైబ్రరీ మానేశాను. ఆ వయసుకి అందరికీ ఉండేదే అనుకున్నాను. దానికి వైద్యం ఉంటుందన్న ఆలోచనే రాలేదు. మధ్యమధ్యలో మంట వచ్చేది. బార్లీ తాగేదాన్ని. తగ్గకపోతే సందు చివర మెడికల్ షాపులో "మంటకి" అని చెప్పి మూడు రోజుల మాత్రలు తెచ్చుకుని, రెండో రోజు తగ్గగానే మిగతావి దాచిపెట్టేదాన్ని.

ఇంట్లో గొడవలు వేరే కారణంతో వచ్చాయి. అందరం కారులో అన్నవరం వెళ్దామని శ్రీనివాస్ అన్నాడు. నేను రానన్నాను. ఆ సాయంత్రం మాధవి వంటగదిలోకి వచ్చి తలుపు మూసింది.

"ఏం చేశారమ్మా ఆయన నిన్ను?"

"ఎవరు?"

"ఆయనే. సినిమాకి రమ్మంటే తలనొప్పి అంటావు. హోటల్‌కి రమ్మంటే అజీర్ణం అంటావు. ఇప్పుడు దేవుడి దగ్గరికి కూడా రానంటే ఏమనుకుంటారు? కూతురింట్లో ఉంటున్నానని నీకు చిన్నతనంగా ఉంటే అది వేరే. దానికి ఆయన్ని శిక్షించకు."

"అదేం లేదే."

"మరింకేంటి?"

చెప్పి ఉండాల్సింది. ఇల్లంతటికీ వాడుకునే బాత్రూం ఒకటే. అల్లుడు తిరిగే ఇంట్లో ఆ మాట ఎలా అనాలో తెలియలేదు. "కాళ్ళు నొప్పులు" అన్నాను. వాళ్ళు అన్నవరం వెళ్ళలేదు. మాధవి వారం రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది.

విచిత్రమేమిటంటే ఆ ఇంట్లో కిడ్నీ గురించి మాట్లాడడం కొత్తేమీ కాదు. అంతకు ఏడాది ముందు శ్రీనివాస్‌కి రాయి వచ్చింది. అపార్ట్‌మెంట్ అంతా వచ్చి పలకరించింది. రాయి పడిపోయాక చిన్న సీసాలో వేసి షోకేసులో పెట్టాడు. ఎవరొచ్చినా "ఐదు మిల్లీమీటర్లండీ" అని చూపించేవాడు. ఉలవచారు తాగితే మంచిదని నలుగురు చెబితే, ఆ మందు పేరు మీద నెల రోజులు మీగడ వేసుకుని అన్నంలో కలుపుకుని తిన్నాడు. మగవాళ్ళ రాయిని అందరికీ చూపించవచ్చు. నాకున్నది అలా చూపించేది కాదనుకున్నాను.

ఈ ఏడాది మార్చి

ఒక ఉదయం ఎర్రగా వచ్చింది. మంట లేదు, నొప్పి లేదు.

నాకు ఏమీ తెలియకపోతే మళ్ళీ వేడి అనుకునేదాన్నేమో. కానీ నాకు తెలుసు. బాత్రూంలోనే గోడ పట్టుకుని నిలబడిపోయాను.

అయినా పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. సిగ్గు ఒక కారణం, భయం ఇంకో కారణం. ఈ రెండూ కాకుండా మరొకటి ఉంది, అది చెప్పకపోతే ఈ రాయడమంతా అబద్ధం అవుతుంది. రాజ్యలక్ష్మిగారికి డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఎనిమిది నెలలు పట్టింది. నేను మర్నాడే పరిగెత్తానంటే, ఆవిడకైతే సబ్జా గింజలు, నాకైతే డాక్టరు అని ఒప్పుకున్నట్టే. ఇది నాకు రావలసిందే అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే అర్థం లేని ఆలోచన. అప్పుడు మాత్రం చాలా సరిగ్గా ఉన్నట్టు తోచింది.

పదకొండో రోజు ఆదివారం. మళ్ళీ ఎర్రగా వచ్చింది. అపార్ట్‌మెంట్ మోటారు పాడై పంపుల్లో నీళ్ళు రాలేదు. బకెట్‌లో ఉన్న నాలుగు చెంబులూ పోశాను, సరిపోలేదు. నా వెనకే శ్రీనివాస్ బాత్రూంలోకి వెళ్ళాడు.

అరగంట తర్వాత బాల్కనీలో నేను కరివేపాకు దూస్తుంటే పేపరు పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పేపరు మొహానికి అడ్డంగా ఉంది.

"అత్తయ్యగారూ, నాకు రాయి వచ్చినప్పుడు ముందు రక్తం పడింది. మీకు తెలుసా?"

"లేదు బాబూ."

"మాధవికి కూడా తెలీదు. వారం రోజులు దాచాను. రాయి అని తెలిశాకే ఈ డబ్బా కొట్టుకోవడమంతా. ఆ వారం మాత్రం ఆఫీసులో కూర్చుని ఇన్సూరెన్స్ కాగితాలు చదువుకున్నాను."

నేను ఆకు దూస్తూనే ఉన్నాను.

"రేపు అదే డాక్టరు దగ్గరికి చెకప్‌కి వెళ్తున్నాను. ఒక్కణ్ణే వెళ్ళాలంటే అదోలా ఉంది. మీరు తోడు వస్తారా?"

నలభై మూడేళ్ళ మనిషి. ఆయన చూశాడని నాకు అర్థమైంది. చూశానని చెప్పడం లేదని కూడా అర్థమైంది.

"వస్తాను బాబూ" అన్నాను.

సూర్యారావుపేటలో ఆ ఆసుపత్రి. స్కూటర్ మీద వెనక కూర్చుని వెళ్ళాను. దారి పొడవునా గతుకు వచ్చినప్పుడల్లా, "పట్టుకోండి అత్తయ్యగారూ" అన్నాడు తప్ప ఇంకో మాట లేదు. కౌంటర్ దగ్గర అమ్మాయి తలెత్తకుండా, "పేషెంట్ పేరు?" అంది. శ్రీనివాస్ జేబులోంచి ఫోన్ తీసి దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది. నా పేరు చెప్పాను.

"కంప్లైంట్ ఏంటమ్మా?"

హాలు నిండా మగవాళ్ళు. యూరాలజీ అంటే మగవాళ్ళ డాక్టరనే అంతవరకూ నా ఉద్దేశం. గొంతు తగ్గించి చెప్పాను.

"కొంచెం గట్టిగా చెప్పండమ్మా. యూరిన్‌లో బ్లడ్డా? ఎన్ని రోజుల నుంచి?"

ఆ మాట హాలంతా వినిపించింది. ఎవరూ తల తిప్పలేదు. తర్వాత కూర్చుని చూస్తే అర్థమైంది, అక్కడ అందరిదీ అలాంటి సంగతే. ఒక పెద్దాయన చేతిలో గవర్నర్‌పేట బట్టల షాపు సంచి ఉంది. అందులోంచి సన్నని గొట్టం ఆయన పంచెలోకి వెళ్ళింది. నేను చూడడం చూసి, "చీరలు కాదులేమ్మా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వితే భయం కాబట్టి ఆపుకున్నాను.

డాక్టరుకి యాభై దాటి ఉంటాయి. ప్రశ్నలన్నీ మామూలు గొంతుతో అడిగాడు. రోజుకి ఎన్నిసార్లు, దగ్గితే పడుతుందా, ఎన్ని నీళ్ళు తాగుతారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తాగనన్నాను.

"ఎన్నేళ్ళుగా?"

"ముప్ఫై రెండేళ్ళుగా. ఇప్పుడూ అంతే, అలవాటైపోయింది."

"టీచరా మీరు?"

"ఎలా తెలిసిందండీ?"

"టీచర్లు, లేడీ కండక్టర్లు, చీరల షాపుల్లో నిలబడే అమ్మాయిలు. వీళ్ళు నీళ్ళు తాగితే నాకు సగం పని ఉండదు."

అప్పుడు రాజ్యలక్ష్మిగారి సంగతి చెప్పాను. ఆమె పేరు చెప్పలేదు, నా స్నేహితురాలన్నాను. నేనేమన్నానో కూడా చెప్పాను. ముందే వచ్చి ఉంటే బతికేవారా అని అడిగాను.

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. "చెప్పలేనమ్మా. ముందు వస్తే మంచిదే. అంతకన్నా ఏం చెప్పినా అబద్ధమవుతుంది. నొప్పి లేకపోయినా, ఒక్కసారే కనిపించి ఆగిపోయినా చూపించుకోవాలి. ఇది మాత్రం మీరు నలుగురికీ చెప్పండి."

ఓదార్చలేదు. అందుకు ఆయనంటే నమ్మకం కుదిరింది.

స్కానింగ్ రోజు

స్కానింగ్‌కి కడుపు నిండా నీళ్ళు తాగి, ఆపుకుని రావాలి. సెంటర్‌లో పదిమంది ఆడవాళ్ళం సీసాలు పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాం. లోపలి అమ్మాయి ఒక్కొక్కరినీ పిలిచి చూసి, "ఇంకా నిండలేదు, ఇంకో సీసా తాగండి" అని తిప్పి పంపుతోంది. ముప్ఫై రెండేళ్ళు ఆపుకోవడంలో ఆరితేరిన నేను గంటకే తట్టుకోలేకపోయాను. కుర్చీలోంచి లేవబోతే అర్థమైంది, అప్పటికే చీర తడిసింది.

లేవకుండా కూర్చుండిపోయాను. పక్కనావిడ నా మొహం చూసింది. పేరు నాగమణి, ఇళ్ళకి తిరిగి చేనేత చీరలు అమ్ముతుందని అప్పటికే చెప్పింది.

"లెగండి, పోదాం" అంది.

"కుదరదమ్మా."

"నాకు తెల్సు. మీరు ముందు నడవండి, నేను మీ ఎనకాలే అంటుకుని వత్తా. ఎవురికీ కనపడదు."

అలాగే నడిచాం. బాత్రూం బయట నిలబడి తలుపులోంచి మాట్లాడుతూనే ఉంది. "నాకు ముగ్గురు పిల్లలండీ. దగ్గినా ఇదే, తుమ్మినా ఇదే. నవ్వితే మరీను. మా ఆయన జోకులెయ్యడు గాబట్టి బతికిపోయా."

లోపల నేను నవ్వాను. ఇక తడవడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి నిశ్చింతగా నవ్వాను. ఆమె సంచిలోంచి ఒక కొత్త తువ్వాలు తీసి తలుపు సందులోంచి ఇచ్చింది. నా తర్వాత తనూ బాత్రూంకి వెళ్ళొచ్చింది, ఇద్దరం మళ్ళీ మొదటి నుంచీ నీళ్ళు తాగడం మొదలుపెట్టాం. నాకోసం ఆమె తన వంతు కూడా వదులుకుంది.

ఏప్రిల్

కెమెరా వేసి లోపల చూశారు. చెప్పుకునేంత నొప్పి లేదు, అంతకుముందు పడ్డ భయమే ఎక్కువ. ఒకచోట ఎర్రగా ఉందని చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టుకి పది రోజులన్నారు.

మాధవికి ఆ రోజే తెలిసింది. ముందు భర్త మీద విరుచుకుపడింది.

"మా అమ్మ సంగతి మీకు తెలిసి నాకు తెలీకపోవడమేంటండీ?"

"నాకేం తెలీదు. ఆవిడే నాకు తోడు వచ్చారు" అన్నాడు శ్రీనివాస్.

తర్వాత నా దగ్గరికి వచ్చి కూర్చుంది. అన్నవరం రానన్నందుకు, సినిమాకి రానన్నందుకు కారణాలన్నీ చెప్పాను. అంతా విని, "నాకు కూడా తుమ్మితే పడుతుందమ్మా. చిన్నవాడు పుట్టినప్పట్నుంచీ" అంది. మనవడికి ఇప్పుడు ఎనిమిదేళ్ళు. రెండేళ్ళుగా ఒకే ఇంట్లో, ఒకే వంటగదిలో ఇద్దరం ఒకరికొకరం దాచుకున్నాం.

ఆ పది రోజులూ నేను పుస్తకం ముట్టుకోలేదు. రాజ్యలక్ష్మిగారు రిపోర్టు కోసం ఎదురుచూసినప్పుడు రోజూ సాయంత్రం ఫోన్ చేసేవారు. జబ్బు మాట ఎత్తేవారు కాదు. ఈ వేళ ఏం చదివావు, ఎవరు చచ్చారు, ఎవరు పెళ్ళి చేసుకున్నారు అని అడిగేవారు. ఆమె అలా ఎందుకు అడిగేవారో నాకు ఇప్పుడు తెలిసింది. అలా ఫోన్ చేసి అడగడానికి నాకు ఎవరూ లేరు.

పదో రోజు శ్రీనివాస్, మాధవి ఇద్దరూ వచ్చారు. డాక్టరు కాగితం రెండుసార్లు చదివి, క్యాన్సర్ కాదన్నాడు. చాలాకాలంగా లోపల ఉండిపోయిన ఇన్ఫెక్షన్. సగం సగం వాడి వదిలేసిన మాత్రలు దాన్ని పూర్తిగా పోనివ్వలేదు. కాకపోతే కొన్నాళ్ళు మళ్ళీ మళ్ళీ వచ్చి చూపించుకోవాలి. తర్వాత ఒక ఫిజియోథెరపీ అమ్మాయి కండరాలు బిగించి వదిలే వ్యాయామం నేర్పింది. గడియారం చూసుకుని బాత్రూంకి వెళ్ళడం నేర్పింది. నీళ్ళు రోజంతా కొంచెం కొంచెంగా తాగడం కొత్తగా నేర్చుకున్నాను. రెండు నెలలకి చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు. గట్టిగా తుమ్ము వస్తే ఇప్పటికీ కాళ్ళు దగ్గర పెట్టుకుంటాను. మాధవి కూడా నాతో పాటు వ్యాయామం చేస్తోంది.

రిపోర్టు వచ్చిన రోజు నాకు సంతోషం కలగాలి. కలిగింది. కానీ ఆ రాత్రి అన్నం తింటుంటే మాస్టారు గుర్తొచ్చారు. ఇక ఆ మామిడికాయల రోజు మాట ఆయన దగ్గర దాచుకోవడానికి నాకు సాకు లేదు.

జూన్

ఉయ్యూరు వెళ్ళాను. బస్సులోనే వెళ్ళాను, సీసాలో నీళ్ళు తాగుతూ. కిటికీ పక్కన కూర్చున్నాను. నా పక్క సీట్లో కంకిపాడు దాకా ఎవరో అమ్మాయి కూర్చుని ఫోన్ చూసుకుంది.

మాస్టారికి డెబ్బై నాలుగు. ఒక్కరే ఉంటున్నారు. కొడుకు వాళ్ళు రెండు వీధుల అవతల ఉండి క్యారేజీ పంపిస్తారు. నన్ను చూసి సంతోషించి కాఫీ తానే పెట్టారు. పంచదార ఎక్కువైంది. నా జబ్బు సంగతి మొదటి నుంచీ చెప్పాను. తర్వాత ఆ మే నెల మధ్యాహ్నం గురించి చెప్పాను. ఆమె ఏమన్నారు, నేనేమన్నాను, అన్నీ.

"నేను డాక్టరు దగ్గరికి వెళ్ళమని ఉంటే వెళ్ళేవారు మాస్టారూ. నా మాట వినేవారు. నొప్పి లేదుగా, ఏం కాదన్నాను."

ఆయన కప్పు కింద పెట్టారు. కోప్పడతారని అనుకున్నాను. కోప్పడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మీకు చెప్పడానికి రెండు రోజుల ముందే నాకు చెప్పిందమ్మా" అన్నారు. "నేనూ అదే అన్నాను. మీరు కూడా ఆ మాటే అన్నారని వచ్చి చెబితే, చూశావా నేను చెప్పలా అన్నాను."

బయట ట్రాక్టరు ఏదో వెళ్ళింది. ఆయన కప్పులు రెండూ తీసి పక్కన పెట్టారు.

"ఇన్నేళ్ళూ మీకు తెలిస్తే ఏమనుకుంటారో అని మీ ఎదురుగా ఆవిడ మాట తీసుకురావడానికే భయపడ్డాను" అన్నారు.

"నేనూ అంతే మాస్టారూ."

ఆయన లేచి లోపలికి వెళ్ళారు. కళ్ళు తుడుచుకోవడానికనుకున్నాను. కానీ నేను వచ్చి గంట కాలేదు, అప్పటికి ఆయన అలా వెళ్ళడం మూడోసారి. వెళ్ళిన ప్రతిసారీ చాలాసేపు పట్టింది. పోయిన ఏడాది అయితే నేను గమనించేదాన్ని కాదు. గమనించినా మగమనిషిని అడిగేదాన్ని కాదు.

తిరిగి వచ్చి కూర్చున్నాక అడిగాను. "మాస్టారూ, మీకు యూరిన్ సాఫీగా వస్తుందా?"

ఆయన ఉలిక్కిపడ్డారు. తర్వాత కండువా సర్దుకుని, "ఈ వయసులో మగాళ్ళందరికీ ఉండేదేగా అమ్మా" అన్నారు.

"డాక్టరుకి చూపించుకున్నారా?"

"ఎందుకు, నొప్పేమీ..." అని ఆగిపోయారు.

నేను బ్యాగులోంచి ఫోన్ తీసి ఆసుపత్రికి చేశాను. ఎత్తింది కౌంటర్ దగ్గర అమ్మాయే, అదే గొంతు. కొత్త పేషెంట్ అని చెప్పి ఫోను మాస్టారి చేతికిచ్చాను. పేరు చెప్పారు, వయసు చెప్పారు. ఏం కంప్లైంటో చెప్పడానికి కొంచెం తడబడ్డారు, కానీ చెప్పారు.

"ఎన్నాళ్ళ నుంచండీ?" ఆ అమ్మాయి గొంతు నాకు కూడా వినిపించింది.

"ఒక ఏడాది" అన్నారు.

నేను ఆయన వైపు చూశాను.

"కాదు, రెండేళ్ళు" అన్నారు. ఫోను రెండో చెవికి మార్చుకున్నారు. "మూడేళ్ళవుతుందమ్మా" అన్నారు.